పాత షాకు, కొత్త పట్టు

రెండు వేల డాలర్లు పెడితే గానీ దొరకని స్పోర్ట్స్ కారు సస్పెన్షన్‌ను సెకండ్ హ్యాండ్ షాకులతో అందులో సగం ఖర్చుకే కట్టుకుంటున్నారు మజ్దా మియాటా కారు అభిమానులు. ఆ పనిలోని లెక్క ఏమిటి, ఓపిక ఎక్కడ కావాలి, ప్రమాదం ఎక్కడుంది?

బైకు వెనక చక్రం దగ్గర వంగి చూడండి. నిలువుగా ఒక గొట్టం, దాని చుట్టూ స్ప్రింగు, స్ప్రింగు చివర మెట్లుమెట్లుగా కోసిన ఉంగరం. వెనక సీటు మీద రోజూ మనిషి ఎక్కుతున్నాడంటే మెకానిక్ పానా పెట్టి ఆ ఉంగరాన్ని ఒక మెట్టు తిప్పుతాడు. కార్ల లోకంలో ఈ అమరికనే కాయిలోవర్ అంటారు. షాక్ అబ్జార్బర్ మీద తొడిగిన కాయిల్ స్ప్రింగు, అంతే. స్పోర్ట్స్ కారుకు వేసే రకంలో మెట్లుండవు. గొట్టమంతా త్రెడ్ ఉంటుంది, ఉంగరం దాని మీద పైకీ కిందికీ తిరుగుతుంది. కారు ఎత్తును మిల్లీమీటర్ల లెక్కన దించుకోవచ్చు, పెంచుకోవచ్చు, నాలుగు చక్రాల మీద బరువును సర్దుకోవచ్చు.

అమెరికాలో చిన్న స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో చాలామంది మొదట మార్చాలనుకునేది దీన్నే. పేరున్న కంపెనీల మంచి సెట్టు 2 వేల డాలర్లు దాటుతుంది. పాత కారు ధరలో అది పెద్ద వాటా. మంచి సెట్టు ధరలో మూడోవంతుకో నాలుగోవంతుకో దొరికే చవక సెట్లూ ఉన్నాయి. రంగు మెరుస్తుంది, పైన గట్టిదనం సర్దే మీట ఉంటుంది, ఎన్ని క్లిక్కులో పెట్టె మీద రాసి ఉంటుంది. అయితే చవక షాకును పరీక్ష యంత్రం మీద పెట్టినప్పుడు తరచూ బయటపడే సంగతి ఒకటుంది. ఒకే క్లిక్కు మీద ఉన్న ఎడమ షాకు, కుడి షాకు వేర్వేరు బలం చూపుతాయి. కొన్ని క్లిక్కులు తిప్పినా గ్రాఫులో గీత కదలదు.

ఇక్కడే మూడో దారి తెరుచుకుంటుంది. త్రెడ్ ఉన్న అల్యూమినియం గొట్టం చేయడం పెద్ద విద్య కాదు. మంచి స్ప్రింగు కూడా కొత్తదే తక్కువలో వస్తుంది. ఖరీదైనది, నకలు చేయడం కష్టమైనది షాకు లోపలి వాల్వు. అంచేత ఆ ఒక్కదాన్ని మంచి కంపెనీది సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, మిగతావి కొత్తవి కొని చుట్టూ పేర్చుకుంటే చాలు. వినడానికి పిసినారితనంలా ఉండొచ్చు గానీ నా దృష్టిలో ఇది డబ్బు ఎక్కడ పనిచేస్తుందో తెలిసినవాళ్లు చేసే పని.

ఈ కారే ఎందుకు

1979లో మజ్దా పరిశోధన విభాగం పెద్ద కెనిచి యమమోటో, బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్టును మా కంపెనీ ఏ కారు చేస్తే బాగుంటుందని అడిగారు. తేలికైన, చవకైన, టాప్ తీసేసే రెండు సీట్ల కారు చేయండని హాల్ జవాబు. పదేళ్ల తర్వాత, 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో ఎంఎక్స్-5 మియాటా కనిపించింది. తొషిహికో హిరాయ్ ఆ ప్రాజెక్టును నడిపించారు. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, వెయ్యి కిలోలకు లోపు బరువు. 2016 ఏప్రిల్‌కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. అన్ని అమ్ముడైన కారుకు విడిభాగాలూ, తెలిసిన చేతులూ ఊరూరా ఉంటాయి.

సస్పెన్షన్ పనికి ఇది అనువైన కారు కావడానికి అంతకంటే ముఖ్యమైన కారణం నిర్మాణంలో ఉంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు భాగంలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అందులో షాకు కుదుపును ఆపడంతో పాటు చక్రాన్ని నిలబెట్టే స్తంభం కూడా తానే. మలుపులో వచ్చే వంపు బలమంతా దాని రాడ్డు మీద పడుతుంది. దాన్ని ఇంట్లో కాయిలోవర్‌గా మార్చాలంటే తరచూ గొట్టం కోయాలి, వెల్డింగ్ చేయాలి. మియాటాకు నాలుగు చక్రాల దగ్గరా డబుల్ విష్‌బోన్. చక్రాన్ని పట్టుకునే పని పైచేయి, కిందిచేయి చూసుకుంటాయి. షాకు కిందిచేతికీ బాడీకీ మధ్య నిలబడి తన పని తాను చేసుకుంటుంది. పక్క బలం లేదు కాబట్టి పాతదైనా రాడ్డూ సీలూ తక్కువగా అరుగుతాయి. బోల్టులు విప్పి, స్ప్రింగు తీసేసి, కొత్త గొట్టం తొడిగి మళ్లీ బిగించవచ్చు. కోయాల్సిన పనే లేదు.

పాత షాకులు ఎక్కడివి? కొన్ని కార్లకు కంపెనీయే మంచివి బిగించి పంపింది. అమెరికాలో 1994 నుంచి వచ్చిన ఆర్ ప్యాకేజీ మియాటాలకు బిల్‌స్టైన్ షాకులే. తర్వాతి తరంలోనూ కొన్ని రకాలకు అవే. వాటి యజమానులు మరింత ఖరీదైన సెట్టుకు మారినప్పుడు పాతవి అమ్మకానికి వస్తాయి. అంతకంటే పెద్ద వనరు రేసింగు. స్పెక్ మియాటా అనే పోటీ వర్గంలో అందరూ ఒకే సస్పెన్షన్ వాడాలని నిబంధన. చాలా ఏళ్లపాటు ఆ నిబంధన ప్రకారం బిల్‌స్టైన్ షాకు, త్రెడ్ గొట్టం, ఐబాక్ స్ప్రింగులే వాడారు. ముందు స్ప్రింగు అంగుళానికి 700 పౌండ్లు, వెనకది 325. తర్వాత ఆ వర్గం పెన్‌స్కే షాకులకు మారింది. ఎన్నో గ్యారేజీల్లో పాత సెట్లు మిగిలిపోయాయి.

ఈ బిల్‌స్టైన్ వెనక మంచి చరిత్ర ఉంది. జర్మనీలో 1873లో మొదలైన ఈ కంపెనీ మొదట్లో కిటికీల ఇనుప సామాను చేసేది. షాకుల్లో దానికి పేరు తెచ్చింది ఫ్రెంచి శాస్త్రవేత్త క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ ఆలోచన. మామూలు షాకులో ఆయిలూ గాలీ ఒకే చోట ఉంటాయి. గతుకుల్లో వేగంగా పైకీ కిందికీ ఆడితే రెండూ కలిసి నురగ కడుతుంది. నురగను పిస్టన్ పట్టుకోలేదు, షాకు చేతులెత్తేస్తుంది. ద కార్బన్ ఒకే గొట్టంలో తేలే పిస్టన్ ఒకటి పెట్టి, ఒక పక్క ఆయిల్, మరో పక్క గట్టి ఒత్తిడితో నైట్రోజన్ నింపాడు. ఒత్తిడి ఇరవై బార్లకు పైనే. కారు టైరులో ఉండే గాలికి అది పది రెట్లు. నురగ కట్టదు, గొట్టానికి నేరుగా గాలి తగులుతుంది కనుక వేడీ త్వరగా పోతుంది. 1950ల్లో బిల్‌స్టైన్ దీన్ని మెర్సిడెస్ బెంజ్ కార్లకెక్కించింది.

మనకు పనికొచ్చే విషయం ఇంకోటి. ఈ షాకుల్ని విప్పి మళ్లీ కట్టవచ్చు. పిస్టన్‌కు అటూ ఇటూ పలచటి ఉక్కు బిళ్లలు దొంతరగా ఉంటాయి. ఆయిల్ వాటిని వంచుకుంటూ దూరాలి. బిళ్ల మందం పెంచితే షాకు గట్టిపడుతుంది, తగ్గిస్తే మెత్తబడుతుంది. ఆయిలూ సీలూ మార్చి, బిళ్లలు మనకు కావలసిన స్ప్రింగుకు తగ్గట్టు పేర్చి, నైట్రోజన్ నింపి తిరిగిచ్చే నిపుణులున్నారు. కాలిఫోర్నియాలోని పోవేలో ఉన్న బిల్‌స్టైన్ అమెరికా శాఖ కూడా ఈ సేవ చేస్తూ వచ్చింది. డచ్చి కంపెనీ కోనీ చేసే పసుపు షాకులు మరో మంచి పునాది. వాటికి మీట తిప్పితే తిరుగు దెబ్బ, అంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగే వేగం, సర్దుకుంటుంది. షాకు నొక్కుకోవడాన్నీ ఆపుతుంది, తిరిగి సాగడాన్నీ ఆపుతుంది. ఆ రెండు పనుల్లో కారు బాడీని అదుపులో పెట్టేది ప్రధానంగా రెండోదే.

చేత్తో పట్టుకుని చూసేటప్పుడు

పాత షాకు కొనేవాడు ముందు రాడ్డు చూడాలి. క్రోమ్ పూత మీద గోటికి తగిలే గీత ఉన్నా, తుప్పు చుక్కలున్నా వదిలేయాలి. అది సీలును కోస్తూనే ఉంటుంది. గొట్టం మీద తడి, ఆయిల్‌కు అంటుకున్న దుమ్ము ఉంటే లీకన్నమాట. తర్వాత రాడ్డును బలంగా లోపలికి నొక్కి వదలాలి. గ్యాస్ షాకైతే తనంతట తాను నెమ్మదిగా బయటకు రావాలి. లోపలే ఉండిపోతే గ్యాస్ పోయింది. నొక్కుతూ లాగుతూ ఉంటే మధ్యలో ఎక్కడా బలం తగ్గినట్టు, ఖాళీగా జారినట్టు ఉండకూడదు. గొట్టానికి సొట్ట ఉంటే ఇక బేరమే వద్దు. ఒకే గొట్టం షాకులో పిస్టన్ తిరిగేది ఆ గోడ మీదే కాబట్టి చిన్న సొట్టకే ఇరుక్కుంటుంది.

కింద కన్నంలోని రబ్బరు బుష్షు, పైన నట్టు పట్టే త్రెడ్ చివరిగా చూసుకోవాలి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల కార్లలో కింది బోల్టు బుష్షుతో తుప్పు కలిసి ఒకటైపోతుంది. తీసినవాళ్లు సుత్తి దెబ్బలతో తీసి ఉంటే ఆ గుర్తులు కనిపిస్తాయి. అవకాశముంటే నాలుగింటినీ పరీక్ష యంత్రం మీద పెట్టించి గ్రాఫు తీసుకోవడం మేలు. ఆ కాగితానికయ్యే ఖర్చును నేను ఎప్పుడూ వృథా అనను. ఎడమ కుడి జోడీ కుదిరిందో లేదో కన్ను చెప్పలేదు.

గొట్టం తొడగడం తేలికైన భాగం. బిల్‌స్టైన్ బాడీ మీద గాడి ఉంటుంది, అందులో సర్‌క్లిప్పు కూర్చుంటుంది, స్ప్రింగు పళ్లెం దాని మీద ఆనుతుంది. పాత పళ్లెం తీసేసి అదే సర్‌క్లిప్పు ఆధారంగా త్రెడ్ గొట్టాన్ని జారిస్తారు. గొట్టానికీ బాడీకీ మధ్య సందు ఉంటే ఓ-రింగులు వేసి బిగుతు చేస్తారు, లేకపోతే గతుకు గతుకుకీ కటకటమంటుంది. కాలిఫోర్నియాకు చెందిన గ్రౌండ్ కంట్రోల్ వంటి కంపెనీలు ఈ గొట్టాలు, ఉంగరాలు, స్ప్రింగులు కలిపి అమ్ముతాయి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. పళ్లెం వెల్డింగ్ చేసి ఉన్న షాకుల్ని చూసి, దాన్ని కోసి వేరే చోట మళ్లీ అతుకుదామనుకునే వాళ్లున్నారు. గ్యాస్ నిండిన షాకు మీద వెల్డింగ్ చేయకూడదు. లోపల ఒత్తిడిలో నైట్రోజన్, ఆయిల్ ఉన్నాయి. మంట తగిలితే ఒత్తిడి పెరిగి పేలవచ్చు, మనిషి ప్రాణం పోవచ్చు. పేలకపోయినా సీలు కాలి షాకు పనికిరాకుండా పోతుంది. గాడి, సర్‌క్లిప్పు ఉన్న షాకునే ఎంచుకోవాలని అనుభవజ్ఞులు పట్టుబట్టడానికి ఇదే కారణం.

స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి

రేసు కారుకు 700 అంటే నాకూ 700 అనడం సులువు. లెక్క వేరే చెబుతుంది. షాకు చక్రం దగ్గర కాకుండా లోపలికి జరిగి ఉంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు పైకి లేస్తే మియాటా ముందు షాకు సుమారు 7 మిల్లీమీటర్లే నొక్కుకుంటుంది. చక్రం దగ్గర తెలిసే గట్టిదనానికి ఆ 0.7ను రెండుసార్లు గుణించాలి: కదలిక తగ్గింది, బలమూ తగ్గింది. అంటే 0.49. స్ప్రింగులో సగమే చక్రానికి చేరుతోంది.

ఇప్పుడు ముందు మూలలో ఒక్కో చక్రం మోసే బాడీ బరువు, డ్రైవర్‌తో కలిపి, 235 కిలోల దాకా అనుకుందాం. ఫ్యాక్టరీ స్ప్రింగు అంగుళానికి 160 పౌండ్ల చుట్టూ ఉంటే కారు ముందు భాగం సెకనుకు 1.2 సార్లు ఊగుతుంది. ఇది ఇంటిల్లిపాదికీ నచ్చే లయ. 450 పౌండ్ల స్ప్రింగు వేస్తే సెకనుకు 2 సార్లు. రోడ్డు మీద చురుగ్గా, కాస్త కఠినంగా ఉంటుంది గానీ రోజూ నడపొచ్చు. 700 వేస్తే 2.5 దాటుతుంది. నున్నటి ట్రాక్ మీద అది సుఖమే. అతుకుల రోడ్డు మీద టైరు నేలను వదిలి ఎగురుతుంటుంది, పట్టు పెరగడం మాట అటుంచి తగ్గుతుంది.

షాకు కూడా స్ప్రింగును అనుసరించాలి, కానీ అదే నిష్పత్తిలో కాదు. స్ప్రింగు నాలుగింతలైతే షాకు బలం రెండింతలు కావాలి, వర్గమూలం లెక్క. రేసు కోసం కట్టిన బిల్‌స్టైన్‌ను మెత్తని స్ప్రింగుతో వాడితే నొక్కుకున్న చక్రం తిరిగి సాగడానికి ఆలస్యమవుతుంది. వరసగా గతుకులు వస్తే ప్రతిసారీ ఇంకొంచెం కిందికి దిగి, చివరకు కారు అడుగున కూర్చుంటుంది. అదే షాకులో బిళ్లలు మార్పిస్తే ఇబ్బంది తీరుతుంది. ఆర్ ప్యాకేజీ షాకులకు ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది: 450 స్ప్రింగును అవి పూర్తిగా అదుపు చేయలేవు. ఏ షాకు దొరికిందో దాన్ని బట్టి స్ప్రింగు ఎంచుకోవాలి, లేదా షాకునే మార్పించుకోవాలి.

1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ ఒక సూత్రం చెప్పాడు. గతుకు ముందు చక్రాలకు మొదట తగులుతుంది, వెనక చక్రాలకు కాస్త ఆలస్యంగా. వెనక భాగం కొంచెం వేగంగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది, కారు ముందుకూ వెనక్కూ తూగకుండా సమంగా లేచి దిగుతుంది. స్పెక్ మియాటా దీనికి సరిగ్గా విరుద్ధం, ముందు స్ప్రింగు వెనకదానికి రెట్టింపు పైనే. ట్రాక్ మీద సుఖం లెక్కలోకి రాదు, మలుపులోంచి బయటపడేటప్పుడు వెనక చక్రాలకు పట్టు కావాలి. రోడ్డు కారు కట్టేవాడు ఆ జోడీని యథాతథంగా దించుకుంటే ఎక్స్‌ప్రెస్ రహదారి అతుకుల మీద తల ఆడుతూనే ఉంటుంది.

అసలు కరువు ప్రయాణానికే

కాయిలోవర్ కొన్నవాళ్లు చాలామంది మొదటి రోజే ఉంగరం చివరిదాకా దించేస్తారు. టైరుకీ ఫెండరుకీ మధ్య సందు పోతుంది, ఫొటో బాగుంటుంది. కారు మాత్రం చెడిపోతుంది. ఈ చవక పద్ధతిలో షాకు పొడవు మారదని గుర్తుంచుకోవాలి. కారును 30 మిల్లీమీటర్లు దించితే ముందు షాకు రాడ్డు 21 మిల్లీమీటర్లు ముందే లోపలికి పోయింది. నొక్కుకోవడానికి ఉన్న జాగాలోంచే అది పోతుంది. మియాటాకు మొదటినుంచీ ఆ జాగా తక్కువే, ముఖ్యంగా ముందు భాగంలో.

జాగా అయిపోయిన చోట బంప్ స్టాప్ ఉంటుంది, రాడ్డుకు గుచ్చిన నురగలాంటి పాలియురెథేన్ ముక్క. మెల్లగా నొక్కుకుంటూ గట్టిపడేది మంచిది. దాన్ని పూర్తిగా తీసేస్తే షాకు లోపలి పిస్టన్ అడుగుకు తగిలి వాల్వు పగలవచ్చు. పాత గట్టి రబ్బరునే ఉంచితే మలుపు మధ్యలో గతుకు వచ్చినప్పుడు స్ప్రింగు గట్టిదనం ఉన్నట్టుండి కొండంతవుతుంది, ఆ చక్రం జారుతుంది. షాకు చెడ్డది, స్ప్రింగు గట్టిది అని జనం తిట్టుకునే చాలా కార్లలో నిజానికి జరుగుతున్నది ఇదే. అవి బంప్ స్టాప్ మీద నడుస్తున్నాయి. అందుకే ఈ పని తెలిసినవాళ్లు రెండో తరం మియాటా పై మౌంట్లు తెచ్చి మొదటి తరం కారుకు వేస్తారు. వాటి ఆకారం వల్ల రాడ్డుకు ఇంకొంచెం ప్రయాణం దొరుకుతుంది. పొట్టి, మెత్తని బంప్ స్టాప్ జోడిస్తారు. ఎత్తు విషయంలో చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా 12.5 నుంచి 13 అంగుళాల మధ్య ఆగుతారు. నేను చూసిన సలహాలన్నింట్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే.

బిగించే ముందు ఒకసారి స్ప్రింగు లేకుండా షాకును ఒంటరిగా కారుకు తగిలించి, కింద జాకీ పెట్టి చక్రాన్ని పూర్తిగా పైకి లేపి చూడాలి. టైరు ఎక్కడ తగులుతుంది, బంప్ స్టాప్ ఎక్కడ మొదలవుతుంది, రాడ్డు ఎంత మిగులుతుంది, మూడూ అప్పుడే తెలుస్తాయి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పళ్లెంలోంచి జరగకుండా పలచటి సహాయ స్ప్రింగు వేస్తారు. ఫ్యాక్టరీ స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం దాన్ని నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ తప్పనిసరి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే చెయ్యి విరుగుతుంది.

ఇలా చేస్తే ఖర్చు ఎంత? మంచి స్థితిలో ఉన్న నాలుగు పాత షాకులు కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. గొట్టాలూ స్ప్రింగులూ కలిపి ఇంకో కొన్ని వందలు. బిళ్లలు మార్పిస్తే మరికొంత. అదంతా కలిపినా కొత్త మంచి సెట్టులో సగం దాటకూడదు, దాటుతుంటే కొత్తది కొనడమే తెలివి. ఫ్లోరిడా నుంచి వచ్చే గ్రాస్‌రూట్స్ మోటార్‌స్పోర్ట్స్ పత్రిక ఏళ్లుగా 2 వేల డాలర్ల పోటీ నడుపుతోంది. కారూ, దాని మీద పెట్టిన మార్పులూ అన్నీ ఆ పరిమితిలో ఉండాలి. ఇలాంటి పొదుపు ఇంజినీరింగుకు అక్కడ గౌరవం ఉంది.

మన దగ్గర మియాటా అమ్మకానికి రాలేదు. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే మార్పులు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా సమర్థించింది. కాబట్టి హైదరాబాద్ రోడ్డు మీద తిరిగే కారుకు ఇది చేయమని నేను చెప్పను. కానీ ఈ విద్యకు ఇక్కడ చోటు లేదనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో జరిగే బాహా పోటీలకు మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు కూడా సొంతంగా బండి కట్టుకుని వెళతారు. బైకు షాకు తీసుకుని, చక్రం దగ్గర గట్టిదనం ఎంతొస్తుందో అదే 0.49 తరహా లెక్క వేసి, ఏ కోణంలో బిగించాలో తేల్చుకునే జట్లుంటాయి. డాలస్‌లోనో శాన్ హోసేలోనో ఉద్యోగం చేస్తూ వారాంతం ఆటోక్రాస్ కారు పోటీలకు వెళ్లే తెలుగువాళ్లలో ఒకప్పుడు అక్కడ చేతులు నలుపు చేసుకున్నవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు.

బిగింపు అయ్యాక అలైన్‌మెంట్ చేయించాలి. ఎత్తు మారితే చక్రం పక్కకు ఒరిగే కోణం (క్యాంబర్), ముందుకు చూసే కోణం (టో) రెండూ మారతాయి. విష్‌బోన్ బుష్షుల బోల్టులు కారు నేల మీద నిలిచిన స్థితిలోనే బిగించాలి, గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరలో చిరుగుతుంది. తర్వాత నాలుగు చక్రాల కింద తూకం పలకలు పెట్టి, డ్రైవర్ సీట్లో మనిషినో అంత బరువునో కూర్చోబెట్టి, మలుపులో బాడీ ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ల లింకులు విప్పి, ఉంగరాలు తిప్పుతూ పోవాలి. ఎడమ ముందు, కుడి వెనక చక్రాల బరువు కలిపితే మొత్తంలో సగానికి దగ్గరగా రావాలి. అప్పుడు కుడివైపు మలుపూ ఎడమవైపు మలుపూ ఒకేలా ఉంటాయి. ఒక మూలలో ఉంగరం పైకి తిప్పితే ఆ మూలకూ దాని ఎదురు మూలకూ బరువు పెరుగుతుంది, మిగతా రెండింటికీ తగ్గుతుంది. గంటల తరబడి పట్టే పని, తొందరపడితే కుదరదు.

చివరగా నాలుగు రాడ్ల మీదా ఒక్కో ప్లాస్టిక్ టై బిగించి, సీలు దగ్గరకు నెట్టి, తెలిసిన రోడ్డు మీద తిప్పి రావాలి. షాకు ఎంత దూరం నొక్కుకుందో టై జరిగిన చోటు చెబుతుంది. పెద్ద గతుకుకు మాత్రమే బంప్ స్టాప్‌ను తాకి ఉంటే ఎత్తు సరిపోయింది. ప్రతి వంతెన అతుకుకీ తాకుతుంటే ఉంగరాన్ని 5 మిల్లీమీటర్లు పైకి తిప్పి, టైలను మళ్లీ సీలు దగ్గరకు నెట్టి, ఇంకోసారి తిరిగి రావాలి.